ఆ గూడు ఖాళీ కావడానికి నేనే కారణమా?

ప్రశ్న: మూడేళ్ళ కిందట కెమెరా కొనుక్కున్నాను. ఉద్యోగం, ఇల్లు రెండూ చూసుకోవాలి కాబట్టి ఫొటోల కోసం దూరాలు వెళ్ళలేను. ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న చెరువు, మా పెరటి చెట్లు, ఇంతే నా ప్రపంచం. తెలిసినవాళ్ళు పులులు, ఏనుగుల ఫొటోలు పెడుతుంటారు, నా కొంగల్ని ఎవరూ పట్టించుకోరు. ఆ కొంగ కూడా ఎప్పుడు తీసినా తెల్లటి మరకలా వస్తోంది. పెద్ద లెన్స్ కొనాలేమో అనుకుంటున్నాను. కానీ అసలు బాధ వేరు. నెల కిందట పెరట్లో పిగిలిపిట్ట గూడు కనిపించింది, అందులో మూడు పిల్లలు. ఆకులు అడ్డొస్తున్నాయని ఒక రెమ్మను దారంతో పక్కకు కట్టి ఫొటో తీశాను. నా ఫొటోల్లో అంతమంది మెచ్చుకున్నది అదొక్కటే. మూడో రోజు చూస్తే గూడు ఖాళీ. అవి ఎగిరిపోయేంత పెద్దవి కావు. అప్పట్నుంచి కెమెరా ముట్టుకోలేదు. ఆ పిల్లలు పోవడానికి నేనే కారణమా? ఇక ఫొటోలు మానేయమంటారా?

జవాబు: మీరు చివర్లో రాసినదానితోనే మొదలుపెడతానండీ. లెన్స్ సంగతి, కొంగ సంగతి కాసేపు ఆగుతాయి.

మీరే కారణమా అన్నదానికి అవునని గానీ కాదని గానీ ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పిగిలిపిట్టది పైకప్పు లేని గిన్నెలాంటి గూడు. అలాంటి గూళ్ళు కట్టే చిన్న పిట్టల పిల్లల్లో చాలా భాగం ఎగరడం నేర్చేలోపే కాకులకో, పిల్లులకో, పాములకో దొరికిపోతాయి. మీరు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళకపోయినా ఇదే జరిగి ఉండొచ్చు. అయితే అలాంటి గూటికి కాపలా అంటూ ఉన్నది చుట్టూ ఉన్న ఆకులే. వాటినే మీరు తప్పించారు. పైనుంచి చూసే కాకికి మీ కెమెరాకు కనిపించినంత స్పష్టంగా ఆ గూడు కనిపించి ఉంటుంది. అందుకని ఇందులో మీ పాలు ఉండే అవకాశం ఉంది. ఈ మాటను మెత్తబరిచి చెప్పాలని నాకు లేదు. నెల రోజులు కెమెరా పక్కన పెట్టేసిన మనిషి ఓదార్పు కోసం ఉత్తరం రాయరు.

నేను ఫొటోలు మొదలుపెట్టిన కొత్తలో జరిగింది ఒకటి చెబుతాను. ఒక తేనెపిట్ట గూడు తీగకు సంచిలా వేలాడుతోంది. దానికి నాలుగడుగుల దూరంలో గంటసేపు కూర్చున్నాను. తల్లి పిట్ట ముక్కున పురుగు పట్టుకుని వచ్చింది. గూట్లోకి వెళ్ళకుండా పక్క కొమ్మ మీద వాలి, అటూ ఇటూ గెంతుతూ ఆపకుండా అరిచింది. నాకు ఆనందం పట్టలేదు. వెలుతురు బాగుంది, ముక్కులో పురుగుంది, పిట్ట ఎక్కడికీ పోవడం లేదు. వరసగా తీస్తూనే ఉన్నాను. అది నాకోసం అక్కడ నిలబడలేదనీ, నన్ను చూసి పిల్లల దగ్గరికి వెళ్ళలేకపోతోందనీ అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఆ గంటలో లోపలి పిల్లలకు ఎన్నిసార్లు మేత అందకుండా పోయిందో. ఆ ఫొటోలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి, ఈకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. ఎవరికీ చూపించను.

మనిషి చెయ్యి తగిలితే ఆ వాసనకు తల్లి పిల్లల్ని వదిలేస్తుందని అందరూ అంటుంటారు. అది నిజం కాదు. పక్షులు వాసన చూసి పిల్లల్ని వదిలేయవు. అసలు ప్రమాదం మనం అక్కడ గడిపే సమయంలో ఉంది. తల్లి గూడు దిగి ఉన్నంతసేపూ గుడ్లయితే చల్లబడతాయి, ఈకలు రాని పిల్లలైతే ఎండకు మాడతాయి. కాకులు మనుషుల్ని గమనిస్తాయి, మనం పదేపదే తొంగిచూసే చోటేదో వాటికి తెలిసిపోతుంది. ఇంకొన్ని రోజుల్లో ఎగరబోయే పిల్లలైతే బెదిరి ముందుగానే కిందికి దూకేస్తాయి. మళ్ళీ పైకి రాలేవు.

అందుకే గుడ్లో పిల్లలో ఉన్న గూటిని నేను ఫొటో తీయను. తల్లి పిట్టకు నా ఉనికే తెలియనంత దూరం నుంచో, ఇంటి కిటికీ వెనక నుంచో కనిపిస్తే చూస్తాను. చూడటం వరకే. మీరు ఇంత కచ్చితంగా ఉండాలని పట్టుపట్టను గానీ, పిట్ట మేత పట్టుకుని గూటికి వెళ్ళకుండా తచ్చాడుతున్నా, ఒకే అరుపు ఆపకుండా అరుస్తున్నా, రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ మిమ్మల్ని పక్కకు లాగుతున్నా వెంటనే వెనక్కి వచ్చేయండి. ఇంకొక్క ఫొటో అని ఆగకండి.

పిగిలిపిట్టలు ఏడాదిలో ఒక్కసారి గుడ్లు పెట్టి ఊరుకునేవి కావు. ఒక గూడు పోతే చాలాసార్లు మళ్ళీ కడతాయి. రెండు మూడు గుడ్లు పెడతాయి, సుమారు రెండు వారాలకు పిల్లలవుతాయి. జరిగినది దీనితో చెరిగిపోదని నాకూ తెలుసు. ఆ జంట మీ పెరటి చుట్టుపక్కలే మళ్ళీ కనిపించవచ్చు, అప్పుడు గుర్తుంటుందని చెబుతున్నాను.

ఒక్క పని మాత్రం చేయమంటాను. ఆ ఫొటోను తీసేయండి. మెచ్చుకున్నవాళ్ళలో ఎవరైనా ఎందుకు తీసేశారని అడిగితే ఎలా తీశారో, తర్వాత ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పండి. గూడు ఫొటో అందంగా ఉంటే చూసిన ప్రతివాళ్ళకూ తమ పెరట్లో గూడు వెతకాలనిపిస్తుంది. రెమ్మను కట్టిన సంగతి తెలిస్తే వాళ్ళలో ఒకరిద్దరైనా ఆగుతారు.

ఫొటోలు మానేయొద్దు. చెరువు దగ్గరికి వెళ్దాం రండి.

మీ కొంగల్ని ఎవరూ పట్టించుకోరని రాశారు. నేను మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీ చెరువులో ఎన్ని రకాల తెల్లకొంగలున్నాయి? మూడేళ్ళుగా వాటినే తీస్తున్నా ఉత్తరమంతా 'కొంగ' అనే రాశారు. తెల్లగా ఉన్నవన్నీ ఒకటి కావు. ముక్కు నల్లగా, కాళ్ళు నల్లగా, పాదాలు మాత్రం పసుపు రంగు మేజోళ్ళు తొడిగినట్టు ఉంటే అది చిన్న తెల్లకొంగ. మెడ పొట్టిగా, ముక్కు పసుపుగా ఉండి, మేసే పశువుల వెంట తిరుగుతుంటే అది వేరే కొంగ. పశువుల కాళ్ళకు బెదిరి గడ్డిలోంచి లేచే పురుగుల కోసం వాటి వెంట పడుతుంది. అన్నిటికన్నా ఎత్తుగా ఉండి, పొడవాటి మెడ మధ్యలో విరిచినట్టు వంపు తిరిగి, గంటలకొద్దీ బొమ్మలా నిలబడేది పెద్ద తెల్లకొంగ.

ఈ తేడా తెలిస్తే ఫొటోలు బాగా ఎలా వస్తాయంటారా? చిన్న తెల్లకొంగనే తీసుకోండి. అది లోతు తక్కువ నీటిలో నిలబడి ఒక పాదాన్ని ముందుకు చాపి బురదను అదుముతూ వణికిస్తుంది. దాక్కున్న చేపపిల్ల బెదిరి కదిలిందంటే ముక్కు నీళ్ళలో పడుతుంది. ఇది తెలియనప్పుడు మనం కొంగ నిలబడినప్పుడు ఒక ఫొటో, ఎగిరినప్పుడు ఒక ఫొటో తీసుకుని ఇంటికొచ్చేస్తాం. తెలిసినవాళ్ళు ఆ పసుపు పాదం నీళ్ళ పైకి లేచే క్షణం కోసం కూర్చుంటారు. కెమెరా అదే, చెరువూ అదే. ఆ ఫొటో మాత్రం వేరుగా ఉంటుంది.

ఇక తెల్ల మరక. అది మీ తప్పు కాదు, కెమెరా తీరే అంత. వెలుతురు కొలిచేటప్పుడు కెమెరా తన ముందున్న దృశ్యం మొత్తం మీద ఒక మధ్యరకం బూడిదరంగంత వెలుగులో ఉందనుకుంటుంది. మీ ఫ్రేములో ఎక్కువ భాగం నల్లటి నీళ్ళు, మధ్యలో చిన్న తెల్ల పక్షి. కెమెరా నీళ్ళను చూసి, ఇదంతా చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. నీళ్ళు బూడిదరంగుకు వస్తాయి, కొంగ ఒంటి మీద ఈక అన్నదే లేకుండా కాలిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అని ప్లస్, మైనస్ గుర్తులతో ఒక మీట ఉంటుంది చూడండి. దాన్ని మైనస్ ఒకటికి తిప్పి తీయండి. అప్పటికీ తెలుపు కాలిపోతుంటే ఇంకొంచెం తగ్గించండి. కాలిపోయిన చోటు స్క్రీన్ మీద మిణుకు మిణుకుమనేలా పెట్టుకునే సెట్టింగ్ చాలా కెమెరాల్లో ఉంటుంది, అది వేసి ఉంచండి. ఫొటో కొంచెం చీకటిగా వస్తే తర్వాత సరిచేసుకోవచ్చు. పూర్తిగా కాలిపోయిన తెలుపులో మాత్రం సరిచేయడానికి ఏమీ మిగలదు. తెల్లటి మబ్బు మీద నల్లపిట్టను తీసేటప్పుడు ఇదంతా తలకిందులవుతుంది, అప్పుడు ప్లస్ వైపు తిప్పాలి.

మీరు వెళ్ళే వేళ కూడా చూసుకోండి. ఉద్యోగం ఉందన్నారు కాబట్టి సెలవురోజు మధ్యాహ్నాలు వెళ్తున్నారేమో. నడినెత్తిన ఎండలో తెల్లకొంగకు ఒక పక్కా ఉండదు, ఒక నీడా ఉండదు. పొద్దున సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు వెలుతురు పక్కనుంచి ఈకల మీద జారి, ఒక్కొక్క ఈక అంచున సన్నటి నీడ గీస్తుంది. పలచటి మబ్బు పట్టిన రోజైతే ఇంకా మంచిది, అలాంటప్పుడు మధ్యాహ్నం కూడా తీయొచ్చు. ఉద్యోగానికి వెళ్ళే ముందు ఇరవై నిమిషాలు వారానికి రెండుసార్లు దొరికినా, ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు కూర్చోవడం కన్నా అదే మేలంటాను.

గాలి ఎటు వీస్తోందో కూడా చూడండి. పక్షులు ఎగిరేటప్పుడూ వాలేటప్పుడూ వీలైనంతవరకు గాలికి ఎదురుగా తిరుగుతాయి. గాలీ, ఎండా రెండూ మీ వీపు మీద పడేలా గట్టున చోటు చూసుకుంటే వాలే కొంగ మీ వైపే ముఖం పెట్టి వస్తుంది. షట్టర్ స్పీడ్, అంటే ఫొటోకు వెలుగు లోపలికి వచ్చే సమయం, సెకనులో వెయ్యో వంతు (1/1000) కన్నా ఎక్కువ కాకుండా చూసుకోండి. నిలబడి తీయకుండా గట్టు మీద కూర్చోండి, వీలైతే పడుకోండి. కెమెరా కొంగ కంటి ఎత్తుకు దిగితే వెనక ఉన్న ఒడ్డు దూరంగా జరిగి మెత్తగా కరిగిపోతుంది. పైనుంచి తీస్తే కొంగ వెనక వచ్చేది బురదే.

కొంగ గురించి చాలా రాసేశాను. చెరువంటే అదొక్కటే కాదు కదా. తెల్లవారుజామున గడ్డిలో చూస్తే తూనీగలు ఒళ్ళంతా మంచుబిందువులతో కదలకుండా ఉంటాయి. ఒళ్ళు వేడెక్కేదాకా అవి ఎగరలేవు. మీరు నెమ్మదిగా, నీడ పడకుండా వెళ్తే మీ దగ్గరున్న మామూలు లెన్స్‌తోనే జానెడు దూరం దాకా వెళ్ళొచ్చు. ముట్టుకోవద్దు, ఊదొద్దు, నీళ్ళు చిలకరించొద్దు. పగలయితే చాలా రకాల తూనీగలు ఎగిరిపోయినా తిరిగి అదే పుల్ల మీదికి వస్తాయి. తరమకుండా ఆ పుల్ల మీద ఫోకస్ పెట్టి కూర్చోండి. ఎండ బాగా ముదిరినప్పుడు కొన్ని తూనీగలు తోకను నిటారుగా సూర్యుడి వైపు ఎత్తి నిలబడతాయి. ఏదో విన్యాసం చేస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, ఒంటి మీద పడే ఎండను తగ్గించుకోవడానికి అవి చేసే ఏర్పాటు అది.

అదే గడ్డిలో ఇంకొకటి. పొద్దున్నే గడ్డిపోచ కొసన ముత్యంలా ఒకే ఒక చుక్క నిలిచి ఉంటుంది. మంచు అనుకుంటాం. మంచయితే ఆకంతా సన్నగా పరుచుకుని ఉండాలి. కొసనో, అంచు వెంట వరసగానో నిలిచిన పెద్ద చుక్కలు చాలాసార్లు ఆ మొక్క తనలోంచి బయటికి వదిలిన నీళ్ళు. రాత్రి వేళ వేళ్ళు నీళ్ళు తోడుతూనే ఉంటాయి, ఆవిరై పోయే దారి ఉండదు, ఒత్తిడికి ఆకు కొసల నుంచి చుక్కలుగా వస్తాయి. ఈ సంగతి తెలిసిన రోజు నేను ఇంటి ముందు గడ్డిలో గంటసేపు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆ చుక్కలోకి దగ్గరగా చూడండి, వెనకనున్న పువ్వు అందులో తలకిందులుగా కనిపిస్తుంది. ఆ చుక్క కూడా ఒక లెన్సే. అంత దగ్గర్లో ఫోకస్ తలవెంట్రుకంత పలచగా ఉంటుంది కాబట్టి ఎపర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) 8కో 11కో పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒకటికి పది తీసుకోండి.

ఇలా ఒక్క చోటే తిరిగితే ఏం వస్తుందని మీకనిపిస్తే, అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో జెరికో అనే పల్లెకు చెందిన విల్సన్ బెంట్లీ సంగతి వినండి. వాళ్ళది రైతు కుటుంబం. 1885 జనవరి 15న, పందొమ్మిదేళ్ళ వయసులో, మైక్రోస్కోపుకు కెమెరా బిగించి ఒక మంచు స్ఫటికాన్ని ఫొటో తీశాడు. కరిగిపోయేలోగా తీయాలి, ఊపిరి వేడి తగిలినా అది మిగలదు. 1931లో చనిపోయేలోగా అలాంటివి 5,000కు పైగా తీశాడు. వాటి కోసం ఏ దేశాలూ తిరగలేదు, ప్రతి శీతాకాలం తన పొలం మీద పడిన మంచే. మనకు దగ్గరివాళ్ళలో మద్రాసులో ఉండిన ఎం. కృష్ణన్ ఉన్నారు. అడవి ఏనుగుల్ని కాలినడకన వెళ్ళి నలుపు తెలుపుల్లో తీసినాయన. 1950 నుంచి 1996లో చనిపోయేదాకా ఒక పత్రికలో ప్రకృతి గురించి రాస్తూనే ఉన్నారు. ఏనుగుల మీద ఎంత శ్రద్ధ పెట్టారో ఇంటి చుట్టూ తిరిగే కాకులు, ఉడతల మీదా అంతే పెట్టారు.

మెచ్చుకోళ్ళ సంగతి దాచకుండా చెబుతాను. పులి పక్కన మీ కొంగకు చూపులు తక్కువే పడతాయి, బాగా తీసినా తక్కువే పడతాయి. దానికి నేను చేయగల సాయం ఒక్కటే. ఒక్కో ఫొటో విడిగా పెట్టకండి. ఒకే పుల్ల మీద వాలినవన్నీ ఏడాది పాటు తీసి వరసగా చూపించండి, తూనీగ, లకుముకి పిట్ట, వాన చినుకులు, సాలెగూడు. కింద కొంగ అని రాయకుండా అది ఏం చేస్తోందో రెండు ముక్కల్లో రాయండి. చూసేవాళ్ళు పదిమందే అయినా వాళ్ళలో ఇద్దరు తమ వీధి చివరి చెరువును ఒకసారి చూసొస్తారు.

పెద్ద లెన్స్ ఇప్పుడే కొనకండి. మూడు నెలలపాటు ఒక చిన్న పుస్తకంలో, లెన్స్ చాలక తీయలేకపోయిన ఫొటో ఏదో ప్రతిసారీ రాసుకోండి. వేళ కుదరక పోయినవి, ఓపిక లేక పోయినవి అందులో రాయకూడదు. పేజీలు నిండితే అప్పుడు కొనండి. నా దగ్గర ఒకటుంది, పిట్టకు దూరంగా ఉండటానికే ఎక్కువగా వాడుతున్నాను. మధ్యాహ్నం వేడిలో చెరువు అవతలి గట్టును తీస్తే ఎంత పెద్ద లెన్స్‌లోనైనా సెగకు బొమ్మ అలలు అలలుగానే వస్తుంది.

మళ్ళీ మొదలుపెట్టడానికి మీకు మొదటి ఫొటో నేనే చెబుతాను. ఆ ఖాళీ గూడు. నెల దాటింది కాబట్టి అందులో ఎవరూ ఉండకపోవచ్చు. అయినా రెండు రోజులు దూరం నుంచి చూసి, ఏ పిట్టా రావడం లేదని ఖాయం చేసుకోండి. గూటిని తెంపి ఇంట్లోకి తేవద్దు. సన్నటి పుల్లల్ని సాలెపురుగు దారాలతో కలిపి కట్టి, లోపల గడ్డి వేళ్ళు పరిచి ఉంటుంది. చేతులు లేకుండా ఒక్క ముక్కుతో చేసిన పని అది. పొద్దున పక్కవెలుతురు పడేటప్పుడు ఆ సాలెదారాలు మెరుస్తాయి.

మీరు కట్టిన దారం ఇంకా రెమ్మకే ఉంటే ముందు అది విప్పేయండి. రెమ్మ తన చోటికి వచ్చాక, ఆకులు ఎక్కడ అడ్డొస్తే అక్కడ అడ్డు రానిచ్చి, వాటి సందుల్లోంచి కనిపించినంత మేరకే తీయండి.